గొర్రె విషయంలో నమ్మని మాట మనిషి విషయంలో ఎలా నమ్మాం?

ఈ పోస్టు కాస్త పొడుగు. పొలం పనుల్లో ఎవరికీ తీరిక ఉండదని తెలుసు, మోటారు దగ్గర కూర్చున్నప్పుడు నిదానంగా చదవండి.

మా పిన్నికి సంక్రాంతి ముందు రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. చింతగింజంత ఉంది. నొప్పి లేదు, అందుకే ఎవరికీ చెప్పలేదు. చెప్పాక కూడా ఇంటికి ముందు వచ్చింది డాక్టరు చీటీ కాదు, ఒక సీసా. అమెరికాలో ఉన్న మా బంధువుల అబ్బాయి ఎవరో వస్తుంటే వాళ్లతో పంపాడు. లోపల నల్లటి నీళ్లు, పైన చుక్కలు వేసుకునే మూత. పేరు బ్లాక్ వాల్‌నట్ టింక్చర్. రోజూ ఇన్ని చుక్కలు నీళ్లలో వేసుకుని తాగితే ఒంట్లో పురుగులన్నీ చచ్చిపోతాయి, పురుగులు చస్తే గడ్డ కరిగిపోతుంది అని ఫోన్లో చెప్పాడు. అబ్బాయి చెడ్డవాడేం కాదు. ఎవరో చెప్పింది విని, మేనత్త మీద ప్రేమతో పంపాడు. పిన్ని ఐదు నెలలు తాగింది. ఐదు నెలల్లో చింతగింజ నిమ్మకాయ అయింది.

ఈ సంగతి రాయమన్నది పిన్నే. "నా పేరు వద్దు, సంగతి రాయి. ఇంకొకత్తి తాగకుండా ఉంటుంది" అంది.

ముందు ఆ చెట్టు గురించి చెప్తాను, రైతులం కదా, చెట్టు తెలియకుండా మందు మాట్లాడకూడదు. మనం కొట్టులో కొనే అక్రోటు వేరు. ఇది నల్ల అక్రోటు, అమెరికా తూర్పు వైపు అడవుల్లో పుట్టిన చెట్టు. కలప చాలా ఖరీదు. కాయ పైన పచ్చటి మందపాటి తొక్క ఉంటుంది, అది చేతికి తగిలితే జీడి అంటుకున్నట్టే మరక, రోజుల తరబడి పోదు. బట్టలకి రంగు వేయడానికి కూడా వాడేవాళ్లు. ఆ తొక్కలోనూ వేరులోనూ జగ్లోన్ అనే పదార్థం ఉంటుంది. దాని దెబ్బకి చెట్టు దగ్గర టమాటా, బంగాళాదుంప, మిరప లాంటివి వాడిపోతాయని అక్కడి రైతులు ఆ నీడన అవి వేయరు. ఆ చెట్టు రంపపు పొట్టు గుర్రాల కొట్టంలో పరిస్తే గుర్రాలకి గిట్టలు వాచి నిలబడలేకపోతాయి. పాతకాలంలో అక్కడి మూలవాసులు పచ్చి తొక్క దంచి నీళ్లలో కలిపితే చేపలు మత్తెక్కి తేలేవి. మన వాగు మడుగుల్లో కూడా కాయలు దంచి వేసి చేపలు పట్టిన ముసలోళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి ఈ మాట ఠక్కున అర్థమవుతుంది.

అంటే అందులో ఏమీ లేదని నేను అనడం లేదు. ఉంది. అక్కడి వాళ్లు కడుపులో పురుగులకీ చర్మం మీద తామరకీ ఆ తొక్క వాడిన మాట నిజమే. మన పెద్దోళ్లు వాయువిడంగాలు, మోదుగ గింజలు ఇచ్చినట్టే. మా నాయనమ్మ వాయువిడంగాల పొడి బెల్లంలో ఉండ చేసి మింగించేది, తెల్లారి ఆముదం పట్టేది. ఆ ఆముదం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. కానీ మా నాయనమ్మ ఆ ఉండ పురుగులకే ఇచ్చింది. గడ్డకి ఇవ్వలేదు.

మరి కడుపులో పురుగుల మందు క్యాన్సర్ మందు ఎప్పుడయింది? దాని వెనక ఒక పుస్తకం ఉంది. హల్డా క్లార్క్ అనే ఆవిడ 1993లో ఒక పుస్తకం వేసింది, దాని పేరే అన్ని క్యాన్సర్లకీ మందు అన్నట్టుంటుంది. ఆవిడ చెప్పింది ఒక్కటే: క్యాన్సర్లన్నిటికీ కారణం పేగుల్లో ఉండే ఒక జలగ, నల్ల అక్రోటు తొక్క టింక్చర్, మాచిపత్రి జాతి మొక్క ఒకటి, లవంగాలు, ఈ మూడూ కలిపి వాడితే ఆ జలగ చస్తుంది, క్యాన్సర్ పోతుంది. మెక్సికోలో ఆసుపత్రి కూడా నడిపింది. ఇప్పటికీ ఆ మూడు సీసాలూ జతగా అమ్ముతూనే ఉన్నారు. ఆవిడ 2009లో పోయింది. దేనివల్ల? రక్తానికి సంబంధించిన క్యాన్సర్ వల్ల. చచ్చిపోయిన మనిషిని ఎగతాళి చేయాలని చెప్పడం లేదు, ఆ మందు పెట్టుకున్న ఇంట్లోనే పని చేయలేదని చెప్తున్నా.

ఇప్పుడు మన లెక్కలోకి రండి. ఆవిడ చెప్పిన ఆ పేగు జలగ చైనా, బంగ్లాదేశ్, మన దేశంలో బీహార్ వైపు, నీళ్లలో పెరిగే మొక్కలు పచ్చివి తినే చోట మనుషులకీ పందులకీ వస్తుంది. అమెరికాలో ఆ జలగ పుట్టుకే లేదు. జలగే లేని దేశంలో అన్ని లక్షల మందికి క్యాన్సర్ ఎలా వస్తోంది? ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. నిజం చెప్పాలంటే కొన్ని జలగలు క్యాన్సర్ తెస్తాయి, థాయ్‌లాండ్‌లో పచ్చి చేపలు తినేవాళ్లకి కార్జంలో చేరే జలగ పిత్తనాళం క్యాన్సర్ తెస్తుంది. అది అక్కడ, ఆ ఒక్క రకం క్యాన్సర్. రొమ్ము క్యాన్సర్‌తో దానికి ఏ సంబంధం లేదు.

గొర్రెలున్నవాళ్లు కాసేపు ఆలోచించండి. నట్టల మందు మనం ఎలా పోస్తాం? గుండ్రటి పురుగులకి ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్. బద్దె పురుగుకి వేరే మందు. చెరువు అంచున నత్తలున్న చోట మేసి గొంతు కింద నీరు దిగితే కార్జపు జలగ అని గుర్తుపట్టి ఆక్సిక్లోజనైడ్ తెస్తాం. పిల్లకి ఎంత, పొట్టేలుకి ఎంత అని బరువు చూసి పోస్తాం. చూడి గొర్రె అయితే పశువుల డాక్టరుని అడక్కుండా పోయం. ఒకే మందు అదే పనిగా పోస్తే పురుగు మొండికేస్తుందని మార్చి మార్చి పోస్తాం. ఎవడన్నా బండి మీద వచ్చి 'ఈ ఒక్క సీసా అన్ని పురుగులకీ పనిచేస్తుంది, పొదుగువాపుకీ గాలికుంటుకీ కూడా ఇదే' అంటే ఊరి పొలిమేర దాటేదాకా తరుముతాం. పదిహేను వేల గొర్రెకి చూసిన జాగ్రత్త పిన్నికి చూడలేదు. ఈ మాటలో నన్ను నేను కూడా తిట్టుకుంటున్నా, ఆ సీసా మీద రాసింది చదివి తెలుగులో చెప్పింది నేనే.

చదివాను గానీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవలేదు. తర్వాత చదివా. ఏ జబ్బునీ గుర్తించడానికి గానీ, నయం చేయడానికి గానీ, రాకుండా ఆపడానికి గానీ ఇది ఉద్దేశించింది కాదు అని వాళ్లే వేశారు. అమెరికాలో 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటివి ఆహారం పక్కన వాడే సరుకు కింద అమ్ముకోవచ్చు, పని చేస్తుందని ముందుగా ప్రభుత్వానికి నిరూపించక్కర్లేదు. జబ్బు నయం చేస్తుందని మాత్రం రాయకూడదు. అందుకే సీసా మీద రాయరు, వీడియోల్లో చెప్తారు. పురుగు మందు డబ్బా మీద ఏ పంటకి, ఏ పురుగుకి, ఎంత మోతాదు అని చూసి కొనే మనం, అవేవీ లేని సీసాని 'అమెరికాది' అని నమ్మాం.

కామెంట్లలో ఎవరో ఒకరు 'మూలికా వైద్యాన్ని కించపరుస్తున్నావు' అంటారు, ముందే చెప్తున్నా. 2015లో వైద్యానికి ఇచ్చిన నోబెల్‌లో సగం చైనాకి చెందిన తు యూయూ గారికి వచ్చింది, మాచిపత్రి జాతి మొక్కలోంచే మలేరియా మందు తీసినందుకు. మిగతా సగం మనం గొర్రెలకి వేసే ఐవర్‌మెక్టిన్‌కి మూలమైన మందు కనిపెట్టిన ఇద్దరికి. అది జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ఆకు అయినా మట్టి అయినా, ఏ జబ్బుకి, ఎంత మోతాదు, ఎవరికి పడదు అని తేల్చాకే మందు అయింది. నల్ల అక్రోటు తొక్క క్యాన్సర్ తగ్గించిందని మనుషుల మీద జరిగిన ఏ సరైన పరీక్షలోనూ తేలలేదు. అన్నట్టు, ఇప్పుడు ఆ ఐవర్‌మెక్టిన్, ఫెన్‌బెండజోలే మనుషుల క్యాన్సర్‌కి అని ఇంకో రకం వీడియోలు తిరుగుతున్నాయి. కొట్టంలో ఉన్న సీసా తీసి తాగకండి నాయనా.

పిల్లలకి పురుగుల అనుమానం ఉంటే ఈ చుక్కలతో పని లేదు. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల దినం నాడు బళ్లోనూ అంగన్‌వాడీలోనూ ఆల్బెండజోల్ మాత్ర ఉచితంగా వేస్తారు, ఏడాది నుంచి 19 ఏళ్ల దాకా. ఆడవాళ్లకి గడ్డ తగిలితే, నొప్పి లేకపోయినా, ఆ వారమే ఏఎన్ఎం అమ్మకి చెప్పండి. 30 దాటినవాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, నోటి క్యాన్సర్ పరీక్షలు చేయడం వాళ్ల పనుల్లోనే ఉంది. ఖర్చుకి భయపడేవాళ్లకి ఆరోగ్యశ్రీలో (పేరు ఎన్నిసార్లు మారినా మన నోట్లో అదే) క్యాన్సర్ ఆపరేషను, కీమో, కరెంటు అన్నీ ఉన్నాయి. మగవాళ్లు 'ఆడాళ్ల సంగతి' అని పక్కకి జరక్కండి. మా బాబాయి అలాగే జరిగాడు, ఇప్పుడు ఆసుపత్రి వరండాలో ఒక్క మాట లేకుండా కూర్చుంటున్నాడు.

పిన్నికి ముందు కీమో, తర్వాత ఆపరేషను అన్నారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వస్తే వరస వేరేగా ఉండేదని డాక్టరమ్మ అంది, తిట్టలేదు. రెండు సూదులు అయ్యాయి, జుట్టు ఊడింది, అన్నం సహించడం లేదు, మామిడికాయ పచ్చడి మాత్రం అడుగుతోంది. మూడో సూది మంగళవారం, నేనే తీసుకెళ్తున్నా. కాబట్టి మన వీధి గొర్రెలకి నట్టల మందు పోసే పని బుధవారానికి మార్చుకుందాం. మందు నా దగ్గరే ఉంది, బరువు చూసే కాటా ఎవరైనా తెండి.