పట్టేసిన బోల్టూ, మన తెలుగూ

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారు ఆయిల్ మనమే మార్చుకుంటున్నప్పుడు కింద ఉన్న డ్రెయిన్ బోల్టు కదలకపోతే, మొదట చెయ్యాల్సింది గట్టిగా లాగడం కాదు, ఆగడం. రెండో పని, తెలిసినవాళ్ళని అడగడం. అది కూడా తెలుగులో అడగడం.

ఖతార్‌లో ఆ తెలిసినవాళ్ళు ఎక్కడో లేరు. దోహా ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర బర్వా అల్ బరాహా ఉంది. పనివాళ్ళ కోసం కట్టిన పెద్ద కాలనీ అది. గల్ఫ్‌కి నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది వచ్చారో మీకు తెలుసు. వాళ్ళలో మెకానిక్కులు, డ్రైవర్లు, వెల్డర్లు ఉన్నారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనం మంచి తెలుగంటే పుస్తకంలో ఉండేదే అనుకుంటాం. నేను ఒప్పుకోను. పట్టేసిన బోల్టు గురించి నేను తెలుగు నేర్చుకున్న పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా లేదు.

మాటల తేడా చూడండి. మనకి వచ్చిన మాట ఒక్కటే: "కదలట్లేదు". పని తెలిసినవాళ్ళు దాన్ని మూడుగా విడదీస్తారు.

"బిగుసుకుపోయింది" అంటే పోయినసారి ఎవరో మరీ ఎక్కువ బిగించారని. దీనికి సరైన సైజు సాకెట్ కావాలి. చాలా టొయోటా కార్లకి 14 మిల్లీమీటర్లు సరిపోతుంది. పన్నెండు మూలల సాకెట్ కన్నా ఆరు మూలలది బోల్టు తలని బాగా పట్టుకుంటుంది. పిడి పొడుగ్గా ఉంటే తక్కువ బలం చాలు.

"తుప్పు పట్టేసింది" అంటే తేమా ఉప్పూ పని చేశాయని. దీనికి నూనె కొట్టి ఆగాలి. డబ్ల్యూడీ-40ని 1953లో శాన్ డియేగోలో తయారుచేసింది నీటిని తోసేసి తుప్పు రాకుండా చూడటానికి. ఇప్పటికే పట్టిన తుప్పులోకి దూరాలంటే పెనెట్రేటింగ్ ఆయిల్ మేలు. మంట మాత్రం పెట్టకండి, అక్కడ ఉన్నది ఇంజన్ ఆయిల్.

"తల అరిగిపోయింది" అంటే మూలలు గుండ్రంగా అయిపోయాయని. ఇంక లాగొద్దు. షాపుకి ఇవ్వడమే తెలివి.

ఒక మెకానిక్ నాతో అన్న మాట ఇది: "జోర్ జెయ్యకుండ్రి సారూ. నూనె లోపలికి పోనియ్యుండ్రి." ఆ చివరి "ఉండ్రి"లో మర్యాద ఉంది. మన పుస్తకం "చెయ్యకండి" అంటుంది, ఆయన "జెయ్యకుండ్రి" అంటాడు. రెండూ తెలుగే.

దిశ గురించి కూడా ఒక మాట. పుస్తకం "అపసవ్య దిశ" అని నేర్పుతుంది. మంచి మాటే. కానీ పైనుంచి వంగి చెయ్యి కిందికి పెట్టి తిప్పేవాడికి దిశ తలకిందులుగా కనిపిస్తుంది. విప్పుతున్నాననుకుని ఇంకా బిగించేస్తాడు. బోల్టు తలని ఎదురుగా చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి.

"ఇంత తలనొప్పి ఎందుకు, షాపుకి ఇచ్చేస్తే పోదా?" అని కొందరు అంటారు. సమయం లేకపోతే ఇవ్వండి, తప్పు లేదు. కానీ బోల్టు పట్టేసేది ఎక్కువగా బిగించినవాడి వల్లే. మన చేత్తో బిగిస్తే అది మన అదుపులో ఉంటుంది. కొత్త వాషర్ వెయ్యాలి. మొదట వేళ్ళతో తిప్పాలి, తర్వాత కారు మాన్యువల్ చెప్పినంతే బిగించాలి. ఆయిల్ పాన్ అల్యూమినియంది అయితే థ్రెడ్ తొందరగా పోతుంది. అప్పుడు ఖర్చు బోల్టుతో ఆగదు.

రెండు జాగ్రత్తలు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. ఎండని కూడా లెక్కచెయ్యండి. ఖతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 వరకు, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఎండలో పని చేయించకూడదని నియమం. పనివాళ్ళ కోసం పెట్టిన నియమమే అయినా మన ఇంటి పనికి కూడా అది మంచి బుద్ధి.

చివరిగా, వాళ్ళని ఉచిత డిక్షనరీలా వాడకండి. చాలామందికి సెలవు శుక్రవారం ఒక్కటే. "అన్నా, మీకు ఎప్పుడు వీలవుతుంది?" అని ముందు అడగండి. పని చేయించుకుంటే డబ్బు ఇవ్వండి. ఒట్టి మాట సాయమైతే చాయ్ తాగించి, ఆయన ఊరి సంగతులు వినండి.

ఈ వారం నేర్చుకోవాల్సిన క్రియలు: బిగించు, వదులు చెయ్యి, విప్పు, ఊడదియ్యి, ఆగు. ఐదోది అన్నిటికన్నా ముందు వాడండి.