పాత విమానానికి కొత్త సీట్లు: రంగు కంటే ముందు అడగవలసిన మూడు ప్రశ్నలు

విమానం అనగానే మనకు రెక్కలు గుర్తుకొస్తాయి, ఇంజను గుర్తుకొస్తుంది, గిరగిర తిరిగే ప్రొపెల్లరు గుర్తుకొస్తుంది. లోపల మనిషి కూర్చునే సీటును గురించి ఎవరూ ఆలోచించరు. "సీటులో సైన్సేముంది మాస్టారూ? గుడ్డా, స్పాంజీ! అది కుట్టుపనివాడి వ్యవహారం కదా!" అంటారు పిల్లలు. పిల్లలే కాదు, పెద్దలూ అంటారు. ఈ మాట తప్పని నా అభిప్రాయం. పాత విమానంలో సీట్లు మార్చే పనిలో మీరు బడిలో చదివే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ ఉన్నాయి. అవి మరచి చేస్తే ఆ పని ప్రాణాంతకం కూడా కావచ్చు.

విమానాలన్నీ వందలమందిని మోసే పెద్ద విమానాలే కావు. అమెరికా వంటి దేశాలలో సొంత కారు ఉన్నట్లే, ఇద్దరు నలుగురు ఎక్కే సొంత విమానం ఉన్నవారు కూడా ఉన్నారు. అటువంటి చిన్న విమానాలలో పేరున్నది సెస్నా 172. ఇది మొదటిసారి 1955లో ఎగిరింది. ఇప్పటివరకు 44,000కు పైగా తయారయ్యాయి. మరే రకం విమానాన్నీ ఇన్ని తయారుచేయలేదు. 1986లో వీటి తయారీ ఆగిపోయింది, మళ్ళీ పదేళ్ళ తర్వాతగాని మొదలుకాలేదు. కాబట్టి 1960లలో, 1970లలో పుట్టిన విమానాలు నేటికీ ఎన్నో ఎగురుతున్నాయి. ఇంజను అరిగితే విప్పి బాగుచేస్తారు. రేడియో పాతబడితే కొత్తది పెడతారు. అందుచేత విమానానికి ఆయుష్షు ఎక్కువ.

కాని లోపలి గదికి అంత ఆయుష్షు లేదు. ఎండలో నిలబెట్టిన విమానంలోకి సూర్యకాంతితోపాటు అతినీలలోహిత కిరణాలు కూడా వస్తాయి. ప్లాస్టిక్కు అంటే పొడవైన గొలుసులవంటి అణువుల సముదాయం. ఈ కిరణాలు ఆ గొలుసులను తెంపుతాయి. అప్పుడు ప్లాస్టిక్కు పెళుసుబారి, వేలితో నొక్కితేనే పగులుతుంది. సీటులోని స్పాంజి పొడిపొడిగా రాలుతుంది. పైకప్పు గుడ్డ ఊడి తలకు తగులుతుంది. అప్పుడు యజమానికి సరదా పుడుతుంది: మందపాటి తోలు, మెత్తటి స్పాంజి, ఇంట్లో పరచినట్లు దళసరి తివాచీ! ఊళ్ళో కారు సీట్లు కుట్టేవాడు చౌకగా చేసిపెడతానంటాడు. ఏ రంగు వేద్దామా అన్నదొక్కటే యజమాని ఆలోచన.

ఇక్కడే ఆగాలి. రంగు సంగతి చివర చూసుకోవచ్చు. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్నలు మూడున్నాయి.

మొదటి ప్రశ్న: ఎంత బరువు?

1970లలో చివర వచ్చిన ఒక నమూనా సెస్నా 172ను తీసుకొందాం. ఖాళీగా దాని బరువు సుమారు 632 కిలోలు. అన్నీ నింపుకొని ఎగరడానికి అనుమతించిన గరిష్ఠ బరువు 1043 కిలోలు. తేడా 411 కిలోలు. ఒక్కొక్కరు 75 కిలోలున్న నలుగురు ఎక్కితే 300 కిలోలు. ట్యాంకులలో వాడుకోదగిన పెట్రోలు 151 లీటర్లు. లీటరు 0.72 కిలోల చొప్పున అది 109 కిలోలు. మొత్తం 409. ఇక మిగిలింది ఎంత? రెండే రెండు కిలోలు! ఒక చేతిసంచి బరువు.

ఇప్పుడు ఆ యజమాని 15 కిలోల కొత్త హంగులు చేర్చాడనుకోండి. ఆ నలుగురే ఎక్కాలంటే కనీసం 13 కిలోల పెట్రోలు, అంటే సుమారు 18 లీటర్లు తగ్గించుకోవాలి. ఈ విమానం గంటకు దాదాపు 32 లీటర్లు తాగుతుంది. అంటే అరగంటకు పైబడిన ప్రయాణాన్ని ఆ తోలు, తివాచీ తినేశాయన్నమాట. పెట్రోలు తగ్గించకుండా ఎగిరితే? గరిష్ఠ బరువు దాటినట్లే. విమానం పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి, లేచాక మెల్లగా ఎక్కాలి. రన్‌వే చివర చెట్లు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి.

బరువు ఎంత అన్నదొక్కటే కాదు, ఎక్కడ అన్నది కూడా ముఖ్యమే. తూగుడుబల్ల మీద మీరు ఆడుకున్నారు కదా! చిన్నపిల్లవాడు చివర కూర్చుంటే, మధ్యకు దగ్గరగా కూర్చున్న పెద్దవాడిని లేపగలడు. బరువును దూరంతో గుణిస్తే వచ్చేది భ్రామకం. ఈ విమానంలో దూరాలను ఇంజను వెనుకనున్న గోడ నుంచి కొలుస్తారు. ముందు సీట్లు సుమారు 94 సెంటీమీటర్ల వద్ద, వెనుక సీటు 185 సెంటీమీటర్ల వద్ద ఉంటాయి. నిండు బరువుతో ఎగిరేటప్పుడు విమానం గరిమనాభి 98, 120 సెంటీమీటర్ల మధ్యనే ఉండాలి. అంటే ఇంత పెద్ద విమానానికి ఇచ్చిన హద్దు 22 సెంటీమీటర్లు! మీ పెట్టెలోని 30 సెంటీమీటర్ల స్కేలుకన్నా తక్కువ.

ఖాళీ విమానం గరిమనాభి 100 సెంటీమీటర్ల వద్ద ఉందనుకొని, వెనుక సీటు వద్ద 10 కిలోలు చేర్చి లెక్క వేయండి. 632ను 100తో, 10ని 185తో గుణించి, రెండూ కలిపి, మొత్తం బరువు 642తో భాగించాలి. జవాబు 101.3. గరిమనాభి 1.3 సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. ఇది కొంచెమే. కాని ఇవాళ తివాచీ, మరుసటేడు మరొకటి అంటూ లెక్క రాయకుండా చేర్చుకుంటూ పోతే హద్దు దగ్గరపడుతుంది. గరిమనాభి మరీ వెనక్కి పోయిన విమానం ముక్కు పైకెత్తుతుంది. అది అదుపు తప్పితే మళ్ళీ దారికి తేవడం పైలట్‌కు కష్టం. అందుకే పని ముగిశాక విమానాన్ని తూచి గాని, తీసినదీ పెట్టినదీ తూచి గాని కొత్త లెక్క పుస్తకంలో రాయాలి.

రెండవ ప్రశ్న: ఎలా మండుతుంది?

భూమిమీద బండిలో మంట లేస్తే ఆపి దిగిపోతాం. ఆకాశంలో ఎక్కడికి దిగుతాం? కిందికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు ఇచ్చేది సీటు గుడ్డే.

1973 జులై 11న పారిస్ దగ్గర ఒక బ్రెజిల్ విమానంలో మరుగుదొడ్డిలో మంట లేచింది. పైలట్లు విమానాన్ని పొలాలలో దించగలిగారు. అయినా 123 మంది మరణించారు. చాలామంది ప్రాణం తీసింది పొగ. 1983 జూన్ 2న కెనడా విమానం ఒకటి లోపల మంటలతో అమెరికాలోని సిన్సినాటి విమానాశ్రయంలో దిగింది. తలుపులు తెరిచిన ఒకటి రెండు నిమిషాలలోనే లోపలంతా భగ్గుమంది. ఉన్న 46 మందిలో 23 మంది బయటపడలేకపోయారు. సీట్లలో వాడే పాలియూరెథేన్ స్పాంజి మండితే దట్టమైన పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువులు వెలువడతాయి. ఇటువంటి అనుభవాల తర్వాత 1984లో అమెరికా విమానయాన శాఖ పెద్ద విమానాల సీట్లలో స్పాంజికీ పైగుడ్డకూ మధ్య మంటను అడ్డుకొనే పొర ఉండాలని నియమం చేసింది.

గుడ్డను పరీక్షించే పద్ధతి మీ ప్రయోగశాలలో కనిపించే బున్సెన్ దీపంతోనే. గుడ్డముక్కను నిలువుగా వేలాడదీసి, కింది అంచుకు 12 సెకన్లు మంట తగిలించి తీసేస్తారు. ఆ తర్వాత 15 సెకన్లలో అది తనంతట తానే ఆరిపోవాలి. కాలిన మేర 20 సెంటీమీటర్లు దాటకూడదు. కారిన బొట్లు 5 సెకన్లకు మించి మండకూడదు. నిలువుగానే ఎందుకు? వేడిగాలి పైకి పోతుంది గనుక మంట తనపైనున్న గుడ్డను ముందే వేడిచేసి పెడుతుంది. అగ్గిపుల్లను తల కిందికి వంచి పట్టుకుంటే త్వరగా కాలడం మీకు తెలిసిందే. కాబట్టి ఇది కఠినమైన పరీక్ష. పాత చిన్న విమానాలకు నియమం ఇంత కఠినంగా లేదు. నిప్పు తీసేశాక మంట పాకిపోకుండా ఉంటే చాలునంటుంది. అయినా ఈ నిలువు పరీక్ష నెగ్గిన గుడ్డనే కోరుకోవడం వివేకం.

ఇంకొక సూక్ష్మం. గుడ్డ విడిగా నెగ్గవచ్చు, స్పాంజి విడిగా నెగ్గవచ్చు, రెండింటినీ జిగురుతో అతికిస్తే ఓడిపోవచ్చు. కొన్ని గుడ్డలకు పట్టించిన మంటనిరోధక రసాయనం ఉతికితే పోతుంది. ఉన్నికి మాత్రం సహజంగానే నిప్పును తట్టుకొనే గుణం ఉంది. అందులో నత్రజని, తేమ ఎక్కువ కావడం దీనికి కారణం. కృత్రిమ దారాల పాఠంలో నూలు, ఉన్ని, నైలాను పోగులను కాల్చి చూసే ప్రయోగం ఉంటుంది. అది ఉపాధ్యాయుల ఎదుటే చేయండి. స్పాంజిని మాత్రం ఎన్నడూ కాల్చవద్దు సుమా! దాని పొగ విషం.

మూడవ ప్రశ్న: దేనిని పట్టుకొని నిలిచింది?

విమానం హఠాత్తుగా ఆగితే జడత్వం వల్ల మనిషి ముందుకు తూలుతాడు. సెస్నా 172 రూపొందిన నాటి నియమం ప్రకారమే సీటు, బెల్టు ముందువైపుకు మనిషి బరువుకు 9 రెట్లు బలాన్ని తట్టుకోవాలి. 75 కిలోల మనిషి అయితే 675 కిలోల బరువుకు సమానమైన బలం! అందంగా ఉందని బజారు బెల్టు కుట్టిస్తే అది ఆ బలానికి నిలుస్తుందా?

ఈ సీట్లు ముందుకు వెనక్కు జరగడానికి నేలమీద పట్టాలుంటాయి. పట్టాల రంధ్రాలలో ఒక పిన్ను దిగి సీటును నిలబెడుతుంది. ఏళ్ళ తరబడి వాడితే రంధ్రం సాగుతుంది, పిన్ను అరుగుతుంది. విమానం లేచేటప్పుడు ముక్కు పైకెత్తి ఉంటుంది. సరిగ్గా అప్పుడే సీటు వెనక్కు జారితే పైలట్ కాళ్ళు పెడళ్ళను వదిలేస్తాయి. చేయి పట్టుకున్న కంట్రోలును అతడు తెలియకుండానే వెనక్కు గుంజుతాడు. ముక్కు ఇంకా పైకి లేస్తుంది, రెక్కలు ఎత్తే శక్తిని కోల్పోతాయి. ఇటువంటి ప్రమాదాల వల్లనే 1987లో అమెరికా విమానయాన శాఖ సెస్నా సీటు పట్టాలను క్రమం తప్పక పరీక్షించాలని ఆదేశించింది. కొత్త తోలు కింద అరిగిన పిన్ను ఉంటే ఆ తోలు ఏమి రక్షిస్తుంది?

స్పాంజి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదనుకోవడం కూడా పొరపాటే. విమానం నేలను గట్టిగా తాకినప్పుడు మరీ మెత్తని స్పాంజి ఒక్కసారిగా అణగిపోతుంది. అప్పటికే వేగం పుంజుకున్న మనిషి వెన్ను గట్టి చట్రానికి కొట్టుకుంటుంది. మెల్లగా అణగి, శక్తిని మింగి, మెల్లగా లేచే స్పాంజి కావాలి. 1966లో అమెరికాలోని నాసా విమానం సీట్ల కోసమే అటువంటి స్పాంజిని చేయించింది. నేడు దుకాణాలలో మెమరీ ఫోమ్ దిండ్లుగా అమ్ముతున్నది దానినుంచి వచ్చినదే.

గుడ్డ వెనుక దాగినది

సీట్లు, పక్క పలకలు, తివాచీ తీసేసిన రోజు విమానానికి వైద్యపరీక్ష చేయదగిన రోజు. గోడల వెనుక వేడి, చప్పుడు తగ్గడానికి గాజుపీచు పెడతారు. అది నీరు పీల్చి అల్యూమినియంకు తడిగుడ్డ చుట్టినట్లు ఉండిపోతుంది. లోహం తెల్లటి పొడిగా క్షయమవుతుంది. ఎలుకలకు ఆ పీచు మంచి పరుపు. వాటి మూత్రం కూడా అల్యూమినియంను తింటుంది. నేల కింద రెక్కలను, తోకను కదిలించే తీగలు పోతుంటాయి. అక్కడ మరచిన ఒక్క మర చాలు, తీగ బిగుసుకుపోవడానికి. తొందరపడి కొత్త పలక బిగించేస్తే ఇవన్నీ మరో ఇరవై ఏళ్ళు చీకట్లోనే ఉంటాయి.

"నా విమానం, నా డబ్బు, నా ప్రాణం. మధ్యలో ఈ నియమాలెందుకు? పరీక్ష నెగ్గిన గుడ్డకు ఖరీదెక్కువ!" అనేవారున్నారు. ఖరీదు మాట నిజమే. కాని పక్క సీట్లో కూర్చునే స్నేహితుడి ప్రాణం అతనిది కాదు. రేపు ఆ విమానాన్ని కొనేవాడికి తోలు వెనుక ఏముందో తెలియదు. పైగా నియమాలు అన్నిటినీ నిషేధించడం లేదు. అమెరికాలో సొంత విమానం నడిపే పైలట్, ముఖ్యమైన నిర్మాణాన్నీ కంట్రోలు యంత్రాంగాన్నీ విప్పనక్కరలేనంతవరకు, సీటు గుడ్డను తానే బాగుచేసుకోవచ్చు. చేసినది లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి, అంతే. "చేయి, కాని ఏమి చేశావో రాసి పెట్టు" అనే నియమం నాకు న్యాయంగానే తోస్తుంది. ప్రయోగం రికార్డు రాయమని మేము మిమ్మల్ని పోరేది కూడా ఇందుకే.

మనలో చాలామంది సొంత విమానం కొనకపోవచ్చు. కాని సీట్లకు కొత్త కవర్లు వేయించడం మన ఊళ్ళలో రోజూ చూస్తున్నాం. ఆటోలు, కార్లు, స్కూలు బస్సులు. రంగు, ధర అడుగుతాం. అది మండితే ఏమవుతుందని ఎవరమైనా అడుగుతున్నామా? సీటు కింది బోల్టులను ఎవరైనా చూస్తున్నారా? ఈసారి మీ ఇంటివారు సీట్లు మార్పించేటప్పుడు మీరు పక్కన నిలబడండి. ఎంత బరువు, ఎలా మండుతుంది, దేనిని పట్టుకొని ఉంది అని అడగండి. కుట్టేవారు నవ్వితే నవ్వనీయండి. జవాబు వచ్చేదాకా అడగండి. ఆ తర్వాత మీకిష్టమైన రంగు చెప్పండి.