కుండలో పొంగు

ఊరినుండి మా చిన్నాయన కొడుకు భార్యతో కామాఠిపురాకు వచ్చి రెండు రోజులైంది. మూడవనాటి రాత్రి చేతులు వణికినవి, ఒళ్ళంతా చెమట, గోడమీద లేని పురుగులను చూపించసాగాడు. చాలులోని పెద్దమ్మ గాలి సోకిందన్నది. నిమ్మకాయలు కూడ తెప్పించింది. పక్క ఖోలీ కుర్రవాడు మాత్రం, "ఊర్ల రోజు కల్లు తాగుతడా కాకా?" అని అడిగాడు. అప్పుడు టాక్సీ పిలిచాము.

ఇంతకీ కల్లులో యేమున్నది? తాటిగెల గీసినా, ఈతమాను గీసినా మొదట కారేది తియ్యని నీరే. నూటికి సుమారు పది పాళ్ళు చక్కెర. బీరు చేసేవాడు బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీట నానవేసి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకోవాలి. గీతకార్మికునికి ఆ శ్రమను చెట్టే తప్పించింది! గాలిలోను, పాత కుండలోను వుండే ఈస్టు ఆ చక్కెరను తింటుంది. 100 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే లెక్కప్రకారం 51 గ్రాములు ఆల్కహాలు, 49 గ్రాములు బొగ్గుపులుసు వాయువు. దాదాపు సగం తీపి గాలిపాలన్నమాట. నురుగు ఆ వాయువుదే. బిగించిన సీసా పేలేదీ అందుకే. కుండలోపల సున్నం పూస్తే ఈస్టుకు గిట్టదు, నీరాగా తియ్యగానే వుంటుంది. (ఇడ్లీపిండిని పొంగించేదీ ఇటువంటి వాయువే గాని, అక్కడ ఎక్కువ పని బాక్టీరియాది.)

2015 జూన్‌లో మన మలాడ్ మాల్వణీలో నూరుమందికి పైగా ప్రాణాలు తీసిన మిథైలు ఆల్కహాలు ఈ పులుపులో పుట్టింది కాదు. అది కారఖానా సరుకు, సారాలో కలిపారు. ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి చూపు పోగొడుతుంది. నాలుకకు తేడా తెలియదు.

తెలంగాణా కల్తీ వేరు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. అందుచేత నీళ్ళలో శాక్రిన్, క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, ఆల్ప్రజోలాం కలుపుతారు. శాక్రిన్ తప్ప తక్కినవి నిద్రమందులు. రోజూ పడిన ఒంటికి హఠాత్తుగా ఆగితే వణుకు, భ్రమ, మూర్ఛ, ప్రాణమే పోవచ్చును. 2015లో ప్రభుత్వం కల్తీని అరికట్టినప్పుడు నిజామాబాదు వైపు యెందరో ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు. ఇంట్లో కట్టేసి మాన్పించే జబ్బు కాదిది. డాక్టరు మందు ఇచ్చి, మెల్లగా తగ్గించవలసినదే.

మా వానికి ఆరు రోజులు పట్టింది. రోజుకెంత తాగేవాడని డాక్టరు అడిగితే, మరదలు తలవంచుకొని "పండుగకే" అన్నది. రోజుకు నాలుగు సీసాలని చెప్పించేసరికి తెల్లవారింది.