సఫారీకి వెళ్తే డర్బన్‌లో దిగండి

ఉద్యోగాలొచ్చాక వెళ్లాల్సిన ట్రిప్పుల లిస్టు మా బ్యాచ్‌లో ఒకటుంది. అందులో దక్షిణాఫ్రికా సఫారీదే మొదటి నంబర్. ప్లాన్ మాత్రం అందరిదీ ఒకటే: జొహన్నెస్‌బర్గ్‌లో దిగడం, క్రూగర్ పార్క్‌కి పోవడం, సింహంతో ఫొటో.

నేనైతే డర్బన్‌లో దిగమంటాను. అక్కడి నుంచి ఉత్తరంగా దాదాపు 280 కిలోమీటర్లు వెళ్తే హ్లూహ్లూవే-ఇంఫొలోజీ పార్క్. 1895లోనే దాన్ని రక్షిత అడవిగా ప్రకటించారు. అంతరించే దశకొచ్చిన తెల్ల ఖడ్గమృగాలు బతికి బట్టకట్టింది అక్కడే. మనకి జూన్ అంటే వాళ్లకి చలికాలం. వానలు తక్కువ, గడ్డి పలచబడుతుంది, జంతువులు నీళ్ల దగ్గరికి వస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ దారిలో చాలా దూరం చెరకు తోటలే. అనకాపల్లిలో ఉండి చెరకు చూడ్డానికి ఆఫ్రికా దాకానా అంటారా? 1860 నుంచి 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్లారు, ఎక్కువగా ఆ తోటల్లో పనికే. వాళ్లలో మన విశాఖ జిల్లా తెలుగువాళ్లూ ఉన్నారు. 1931లో అక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. నా స్కూలు పుస్తకాల్లో ఈ ముక్క ఎక్కడా కనబడలేదు.

ఖడ్గమృగానికి రెండు రోజులిచ్చేవాళ్లం, ఆ తోటలకి ఒక్క పూట ఇవ్వలేమా? మామూలు ప్యాకేజీల్లో ఆ పూట ఉండదు, బుక్ చేసేటప్పుడే అడిగి పెట్టించుకోండి.