కూలితల్లిపై మోపిన నేరము

గజపతినగరమున పత్రికలు చదువుకొను చోట ఈ నడుమ నొక పెద్దమనుష్యుడు మన పిల్లల పొట్టితనమునకు కారణము కనుగొంటినని సెలవిచ్చెను. "ఆడువారు ఇల్లు విడిచి కూలికి పోవుచున్నారు. ఇక బిడ్డ నెవరు చూతురు?" అని ఆయన తీర్పు. విన్నవారిలో పలువురు తలలూపిరి. ముద్దాయి యచ్చట లేదు. ఆమె చంపావతి యొడ్డున మోకాటిలోతు బురదలో వంగి ఉభాలు వేయుచున్నది. ముద్దాయి మాట వినకయే తీర్పు చెప్పుట వకీలు వృత్తిలో నున్న నాకు సహింపరానిది గనుక ఆమె పక్షమున వకాల్తా పుచ్చుకొనుచున్నాను.

నష్టము జరిగినమాట నిజము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 31.2 మందికి వయసునకు తగిన యెత్తు లేదు. అంతకుముందు 2015–16 సర్వేలో 31.4. ఇంతకాలమునకు మనము సాధించినది ఈ పాటి! ఇది అందచందముల మాట కాదు. మొదటి రెండేండ్లలో తిండి చాలక, రోగములు మాటిమాటికి తగిలి కురచబడిన బిడ్డ చదువులోను వెనుకబడును, రేపటి సంపాదనలోను వెనుకబడును.

తల్లి గడప దాటుటయే యిందుకు కారణమైనచో, స్త్రీలు మిక్కిలి తక్కువగా పనికిపోవు చోట పిల్లలు తాటిచెట్లవలె నెదిగియుండవలెను గదా! బీహారును చూడుడు. స్త్రీల ఉద్యోగితలో చిరకాలముగా అట్టడుగున నున్న రాష్ట్రములలో నది యొకటి. అదే సర్వేలో అచ్చట కురచబడిన పిల్లలు నూటికి 42.9. మనకంటె తక్కువగా స్త్రీలు పనికిపోవు చోట బిడ్డలు మనకంటె హెచ్చుగా గిడసబారిరి. నేరము మోపినవారు దీనికి జవాబు చెప్పవలెను.

కూలితల్లి బిడ్డ, కలవారి యింటి బిడ్డకంటె చిక్కియుండుట నేనెరుగని సంగతి కాదు. కాని ఆ రెండిండ్లకు భేదము తల్లిపని యొక్కటియేనా? భూమి, తిండిగింజలు, మంచినీరు, తల్లి చదువు, పెండ్లినాటి వయసు, ఇవన్నియు వేరే. (మన రాష్ట్రమున 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29.3 మందికి పదునెనిమిది నిండకమున్నే పెండ్లియైనదని ఆ సర్వేయే చెప్పుచున్నది. అప్పుడు తలలూపిన పెద్ద లెచ్చట నుండిరో!) ఏ దరిద్రము తల్లిని పొలమునకు తరిమినదో ఆ దరిద్రమే బిడ్డను చిక్కించినది. బాధితులిద్దరిలో నొకరిని పట్టి తెచ్చి రెండవవారికి హంతకురాలనుట యే శిక్షాస్మృతిలో నున్నది? తండ్రి పేరైన నెత్తినవారు లేరు.

పని బిడ్డకు చెరుపు చేయు తీరొకటి కలదు, దానిని దాచను. ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలే ఆహారము. పిదప పాలతోబాటు చిక్కని తిండి కొద్దికొద్దిగా, రోజుకు పలుమారులు పెట్టవలెను; చిన్న కడుపున ఒక్కసారి పట్టునది కొంచెమే. తెల్లవారకమున్నే తల్లి ఉభాలకు పోయినచో, బిడ్డ ఎనిమిదేండ్ల అప్ప చంకనెక్కును. ఆ పిల్ల బడి పోవును, ఈ బిడ్డకు పలుచని చోడి అంబలి మిగులును. దేశమున 6–23 నెలల బిడ్డలలో చాలినంత తిండి దొరకువారు నూటికి 11 మందియే. తల్లి మాత్రము బలిసియున్నదా? మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత.

దీనికి మందు కూలి మాన్పించుట కాదు, పనిచోట ఊయెల కట్టుట. శాసనకర్తల కీ సంగతి తెలియకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఏబదిమందికి మించి స్త్రీలున్న కర్మాగారమున శిశుశాల నుంచవలెననెను. 1976 సవరణ ఆ యేబదిని ముప్పదికి దించెను. పొలమునకు కప్పు లేదు గనుక కాబోలు, ఊయెలయు లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము, ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు పనిచోటికి వచ్చినచో కూలీలలో నొక స్త్రీని వారి సంరక్షణకే నియమించి కూలి యీయవలెననెను. చదువరులారా, చెరువుగట్టున అట్టి స్త్రీని మీ రెన్నిమారులు చూచితిరి? 2017 సవరణ సంస్థలలో కొలువుచేయు తల్లికి 26 వారముల జీతపు సెలవిచ్చెను. అదే యేట కూలితల్లికి దొరకినది మొదటి కాన్పునకు 5,000 రూపాయలు. బిడ్డల ఆకలి మాత్ర మిరువుర యిండ్లలోను ఒక్కటియే.

1975లో ఆరంభమైన అంగన్‌వాడీ లున్నవి గదా యందురేమో. అది పొద్దెక్కిన పిమ్మట తెరచునది. మూడేండ్లు నిండనివారికి ప్రధానముగా ఇంటికి పంపు సరకే గాని, దినమంతయు కనిపెట్టి చూచు చేయి లేదు. అంగన్‌వాడీతో శిశుశాలను కలుపు పథకము 2022లో వచ్చినది. మన మండలమున ఉభాల నెలలలోనైన ఊరికొక కేంద్రము తెల్లవారుజామున తెరచి, అదనపు ఆయా జీతమును పంచాయతీ, భూస్వాములు చెరిసగము భరింపవలెనని నేను అచ్చటనే ప్రతిపాదించితిని. పెద్దమనుష్యుడు ఖర్చెంత యని యడిగి, విని, లేచి పోయెను. గురువారము తన పొలమునకు ఇరువదిమంది ఆడకూలీలు కావలెనట.