పసివారి వెంట లండను నగరము

పసిపిల్లలను వెంటబెట్టుకొని పరదేశములోని మహానగరమును చూడబోవుట తెలివిగలవారి పని కాదని పలువురి అభిప్రాయము. ఇందుకు వారు రెండు కారణములు చెప్పుదురు. చూచినది పిల్లలకు జ్ఞాపకముండదు గనుక వారికై పెట్టిన సొమ్ము వృథా; పిల్లలు వెంట నుండగా చూడవలసినవి చూడలేరు గనుక పెద్దలకై పెట్టిన సొమ్మును వృథాయే. ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనముతో ఒక్కమారు ప్రయాణము కట్టు కుటుంబమునకు ఈ మాట తేలికైనది కాదు. అయినను ఇందులో ఒక పొరపాటున్నది. ‘చూడవలసినవి’ అన్న మాటను విచారింపకయే ఒప్పుకొనుటయే ఆ పొరపాటు.

లండను నగరమునే ఉదాహరణముగా గైకొనవచ్చును. అక్కడికి పోవువారు సాధారణముగా ఒక జాబితా వ్రాసికొని పోవుదురు. ఉదయము లండను టవరు, పండ్రెండు గంటలకు రాజప్రాసాదము, మధ్యాహ్నము పార్లమెంటు భవనము, సాయంకాలము థేమ్సు నదిపై వంతెన. ఒక్కొక్క పేరు కొట్టివేయుటయే దర్శనమని తలంతురు. నాలుగేండ్ల బిడ్డ ఈ జాబితా వెంట ఎంతసేపు నడువగలదు? రెండవ చోటనే కాళ్లు నొచ్చుచున్నవని కూలబడును, తల్లి చంకనెత్తుకొనును, తండ్రి గడియారము చూచుకొని విసుగుకొనును. ఇంతలో భూగర్భ రైలు ఎక్కవలసివచ్చును. 1863లో ఆరంభమైన ఆ రైలుమార్గమున నేటికిని పెక్కు స్టేషనులలో మెట్లు ఎక్కక, దిగక తప్పదు. నిదురించు బిడ్డతో సహా తోపుడు బండిని ఇద్దరు చెరియొక వైపున పట్టి మోయవలసినదే. ఆనాటి రాత్రి ఇంటిల్లిపాదికిని మిగులునది అలసట యొక్కటే. అప్పుడు తప్పంతయు పిల్లలపై మోపుదురు. నిజమునకు తప్పు జాబితాది.

పిల్లల నడకతో చూచిన నగరము వేరు. పెద్దలకు ఎఱ్ఱని రెండంతస్తుల బస్సు ఒకచోటినుండి మఱియొక చోటికి చేర్చు సాధనము. పిల్లలకు అదియే ఒక వేడుక. పై అంతస్తున ముందు సీటులో కూర్చుండిన వారికి వీధులన్నియు ఎదురు వచ్చుచున్నట్లుండును. పదునొకండేండ్ల లోపు పిల్లలకు ఆ బస్సులలో చార్జీ లేదు. 1987లో ప్రారంభమైన డాక్‌లాండ్సు రైలుకు ముందుభాగమున డ్రైవరు గది లేదు. ఆ అద్దము దగ్గర కూర్చున్న బిడ్డ తానే బండి నడుపుచున్నానని నమ్మును. ఆ రైలు గ్రీనిచ్చికి పోవును. అచ్చట 1902లో తెరచిన సొరంగము గుండా థేమ్సు క్రిందుగా నడచి ఆవలి యొడ్డు చేరవచ్చును. వంతెనపై నది దాటినవారు లోకమున కొల్లలు. నది క్రింద నడచిన బిడ్డ ఆ సంగతి పదిమందికి చెప్పక మానదు.

ప్రదర్శనశాలల విషయమున లండను తల్లిదండ్రులకు గొప్ప ఉపకారము చేసినది. 2001 డిసెంబరు నుండి అచ్చటి జాతీయ ప్రదర్శనశాలలలోని శాశ్వత సంగ్రహములను చూచుటకు రుసుము లేదు. రుసుము చెల్లించినవాడు దానిని రాబట్టుకొనుటకై పిల్లలను ప్రతి గదికిని ఈడ్చుకొనిపోవును. చెల్లింపనివాడు అరగంట యుండి నిశ్చింతగా వెడలిపోగలడు. మఱునాడు మరల రాగలడు. ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాల నడిమి హాలులో 25 మీటర్ల నీలి తిమింగలపు అస్థిపంజరమును 2017లో వ్రేలాడదీసిరి. తల యెత్తి దానిని చూచిన బిడ్డకు ఆ పూటకు అంతే చాలును. తెలుగు కుటుంబములకు బ్రిటిషు మ్యూజియములో ప్రత్యేకమైన ఆకర్షణ కలదు: అమరావతి స్తూపపు శిల్పములు. తమ నేలలోని రాళ్లు ఇంత దూరమున నుండుట చూచి పెద్దల మనసు కలుక్కుమనును. కాని ఆ చరిత్రమంతయు నిలుచుండి వినుమని నిర్బంధించినచో బిడ్డ అమరావతి పేరు వినుటకే జడియును. ఒక్క పలకలోని సింహములను లెక్కింపుమన్న చాలును. ఆ రాయి బిడ్డకు సొంతమగును.

ఈ మ్యూజియము నుండి నడచి పోదగినంత దూరములోనే, యాత్రికుల జాబితాలలో అరుదుగా కనబడు స్థలమొకటి ఉన్నది. దాని పేరు కోరమ్స్ ఫీల్డ్స్. థామస్ కోరమ్ అను ఓడ కెప్టెను 1739లో రాజశాసనము పొంది, తల్లులు పెంచలేక విడిచిన శిశువులకై ఒక ఆశ్రమము నెలకొల్పెను. ఎన్నడైనను తిరిగి వచ్చి బిడ్డను గుర్తించుటకై ఆ తల్లులు ఒక గుడ్డపేలికనో నాణెమునో ఆనవాలుగా విడిచిపోవుచుండిరి. వచ్చి తీసికొనిపోగలిగినవారు మిక్కిలి కొద్దిమంది. ఆ ఆనవాళ్లు కొన్ని ప్రక్కనే యున్న ఫౌండ్లింగు మ్యూజియములో నేటికిని చూడవచ్చును. 1920లలో ఆశ్రమము నగరము వెలుపలికి తరలిపోయినది. పాత భవనమును పడగొట్టిరి. నగరమధ్యమందలి ఆ విలువగల భూమిలో సుమారు 7 ఎకరములు పిల్లలకే దక్కి, 1936 నుండి ఆటస్థలముగా నున్నవి. అచ్చట ఒక నియమము కలదు: పిల్లలు వెంట లేనిదే పెద్దలకు ప్రవేశము లేదు.

ఆ నియమము పిల్లల క్షేమమునకై ఏర్పడినదే. అయినను దానిలో పెద్దలు నేర్చుకొనదగినది ఉన్నది. తక్కిన చోట్లన్నిట బిడ్డ పెద్దల వ్రేలు పట్టుకొని లోనికి పోవును. ఇచ్చట బిడ్డ దయవలన పెద్దలు పోవుదురు. మహానగరమనగా రాజులు కట్టించిన కట్టడములు మాత్రమే కావు. దిక్కులేని శిశువులకు చోటిచ్చిన నేలను, కట్టడము పోయిన పిమ్మటను, పిల్లలకే నిలిపియుంచుటయు ఆ నగరపు గొప్పతనములోనిదే. ఒంటరిగా తిరుగు యాత్రికునికి దాని తలుపు తెరవబడదు.

పిల్లలతో పోవువారు వదలుకొనవలసినవి లేకపోలేదు. సాయంకాలపు నాటకములు, చిత్రశాలలో ఒక పటము ముందు తీరికగా నిలుచుట, రాత్రివేళ నదీతీరమున నడక, ఇవి నిజమైన నష్టములే. బిడ్డకు ఈ యాత్ర జ్ఞాపకముండదన్నదియు చాలవఱకు నిజమే. అయితే ఊయలలో విన్న జోలపాట ఎవరికి జ్ఞాపకమున్నది? అందువలన పాడుట మానిన తల్లి లేదు. పూటకొక్క చోటు, మధ్యాహ్నము నిదుర, సాయంకాలము ఏదో యొక తోట. ఇంతకు మించి ఏర్పాటు చేసికొనకుండుట మేలు. చూడక విడిచిన రాజభవనములు ఎచ్చటికిని పోవు. పిల్లల నాలుగవ యేడు మాత్రము ఎవరి కొఱకును ఆగదు.