ఏటికెదురీదు చేప – రాజ్యశాసనము

ఉత్తర అమెరికా ఖండపు వాయవ్యభాగమున యూకాన్ అను మహానది కలదు. కెనడాదేశపు కొండలలో పుట్టి, అలాస్కా రాష్ట్రమును అడ్డముగా చీల్చుకొని, 3,000 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, అది బేరింగు సముద్రమున కలియును. 2024వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఈ నదిని గూర్చి కెనడా ప్రభుత్వమును, అలాస్కా రాష్ట్రమును ఒక ఒడంబడిక చేసికొన్నవి. కెనడాలో పుట్టి, పెరిగిన పిమ్మట ఈ నదికి తిరిగివచ్చు చినూక్ జాతి సాల్మన్ చేపను ఏడు సంవత్సరములపాటు పట్టరాదనుట దాని సారాంశము. సరిహద్దు దాటి ఎగువకు చేరు చేపల సంఖ్య 71,000 కావలెననుట లక్ష్యము. ఏడు సంవత్సరములే యేల? చినూక్ చేప పుట్టి, సముద్రమునకు పోయి, మరల వచ్చి గుడ్లు పెట్టుటకు ఇంచుమించు అంతకాలము పట్టవచ్చును. అనగా, ఒక తరము చేప పూర్తిగా గడచువరకు వల తడుపరాదన్నమాట.

దూరమున నున్న మన కిది చిన్నవార్త. ఆ నదీతీరమున అనాదిగా నివసించు ఆదివాసుల కిది ప్రాణసంకటము. వేసవి వచ్చినంతనే కుటుంబము లన్నియు ఏటియొడ్డున విడిది చేసి, చేపలు పట్టి, చీల్చి, పొగబెట్టి, ఎండబెట్టి, దీర్ఘమైన చలికాలమునకు గ్రాసము కూర్చుకొనును. ఆ పని అవ్వలు కోడండ్రకు, తాతలు మనుమలకు చేతిలో చేయిపెట్టి నేర్పుదురు. నిషేధము మొదలైననాడు ఏడేండ్ల బాలుడు, అది ముగియునాటికి పదునాలుగేండ్లవాడగును. అంతవరకు చినూక్ చేపను కోయుట వానికి ఎట్లు నేర్పవలెను? చేపను బ్రతికించుటకై చేసిన కట్టుబాటు, చేపతో బ్రతుకువాని నెట్లు బ్రతికించును? వన్యమత్స్య సంరక్షణశాసనము లన్నిటికిని మొదట నిలుచు ప్రశ్న ఇదియే.

రెండు నీళ్ల జీవి

సాల్మన్ కొండయేళ్లలోని చల్లని నీటిలో, కంకర నడుమ, గుడ్డునుండి వెలువడును. కొన్ని జాతులు కొద్ది వారములకే, కొన్ని ఒకటి రెండేండ్లకు సముద్రము చేరును. అచ్చట మేసి, బలిసి, యౌవనము రాగానే పుట్టిన యేటికే తిరిగివచ్చును. నది ముఖమునకు వచ్చినపిమ్మట, చిన్ననాట పీల్చిన నీటివాసనయే దానికి దారి చూపునని శాస్త్రజ్ఞులు తేల్చిరి. నదిలో ప్రవేశించినది మొదలు అది తిండి మానివేయును. ఒంటిలోని కొవ్వే దాని దారిబత్తెము. పసిఫిక్ సముద్రపు సాల్మన్ జాతులు గుడ్లు పెట్టినంతనే మరణించును. వాని కళేబరములు ఏటికి, ఎలుగుబంట్లకు, ఒడ్డున చెట్లకు ఎరువై పోవును. అట్లాంటిక్ సాల్మన్ మాత్రము కొన్ని బ్రతికి మరల సముద్రము చేరును.

ఈ జీవితక్రమమే పాలకులకు చిక్కు తెచ్చిపెట్టినది. ఒక దేశపు యేటిలో పుట్టిన చేప వేరొక దేశపు ఓడలు తిరుగు కడలిలో బలియును. మరి అది ఎవరి సొమ్ము? 1982లో కుదిరిన ఐక్యరాజ్యసమితి సముద్రశాసనము, తన 66వ అధికరణమున దీనికి సమాధానము చెప్పినది. ఏ దేశపు నదిలో చేప పుట్టునో, దానియెడ మొదటి హక్కును, మొదటి బాధ్యతయు ఆ దేశమువే. అట్లాంటిక్ నందు 1983లో అమలునకు వచ్చిన ఒడంబడికయు, ఉత్తర పసిఫిక్ నందు 1993లో అమలునకు వచ్చిన ఒడంబడికయు నడిసంద్రమున సాల్మన్ వేటను మాన్పించినవి. హక్కును బాధ్యతను ఒకే చేత బెట్టుట ఈ శాసనములలోని వివేకము. నదిని పాడుచేసికొన్న దేశము సముద్రమున చేపను అడుగజాలదు.

విత్తనపు లెక్క

చేపకు దారి విడువవలెనను ఆలోచన క్రొత్తది కాదు. 1215లో ఇంగ్లండు రాజు జాన్ అంగీకరించిన మహాశాసనపత్రమున, థేమ్సు మొదలగు నదులలోని చేపకట్టులను తొలగింపవలెనని ఒక నిబంధన కలదు. అది ప్రధానముగా పడవల రాకపోకలకై విధించినదే యైనను, చేపకును దారి తెరచినది. కాని దారి విడిచిన చాలదు. ఎన్ని చేపలు దాటినవో లెక్కింపవలెను. ఈ సంగతిని అలాస్కా కష్టపడి నేర్చుకొన్నది.

ఇరువదవ శతాబ్ది తొలిభాగమున అలాస్కాలో చేపలను డబ్బాలకెత్తు కర్మాగారములవారు నదీముఖములందు పెద్ద పెద్ద బోనులను కట్టి, వచ్చిన చేపను వచ్చినట్లు పట్టివేసిరి. కర్మాగారముల యజమానులు దూరమున సియాటిల్ నగరమున నుండిరి, నష్టము స్థానికులది. చేప తరిగి తరిగి, 1953లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆ జాలరిపల్లెలను విపత్తుప్రాంతముగా ప్రకటింపవలసి వచ్చెను. అలాస్కా ప్రజలు తమ ప్రాంతమునకు రాష్ట్రప్రతిపత్తి కోరుటకు ఈ బోనులపై కోపమును ఒక ప్రబలకారణము. 1956లో వారు ఆమోదించిన రాజ్యాంగమునందు, చేప మొదలగు సంపదలను తరుగని ఫలసాయము నిచ్చునట్లు కాపాడవలెనని వ్రాసికొనిరి. 1959లో రాష్ట్రమేర్పడగానే బోనులు తొలగిపోయినవి.

నేడు అచ్చటి పద్ధతి రైతునకు సులభముగా తెలియును. పండినదంతయు గాదెకెత్తి తినివేయు రైతు లేడు. ముందుగా విత్తనములు తీసి, మిగిలినదే తినును. అట్లే, ప్రతి నదికిని ఇన్ని చేపలు గుడ్లు పెట్టుటకు ఎగువకు చేరవలెనని సంఖ్య నిర్ణయింతురు. ఒడ్డున మంచెలు కట్టి, వానిపై మనుష్యులు కూర్చుండి, పోవుచున్న చేపలను కంటితో లెక్కింతురు. నీరు బురదగా నున్నచోట శబ్దతరంగముల యంత్రముతో లెక్కింతురు. సంఖ్య నిండునట్లున్న వేటకు సెలవు. లేనిచో ఆ పూటకే వల ఒడ్డెక్కవలెను. ఈ నిర్ణయము చేయు అధికారి రాజధానిలో లేడు, నదియొడ్డుననే యున్నాడు. 1973 నుండి వేటపడవల సంఖ్యకును పరిమితి విధించిరి. బ్రిస్టల్ అఖాతమునకు 2022లో సుమారు 7 కోట్ల 90 లక్షల సాకై సాల్మన్లు తిరిగివచ్చినవి. శాసనముతోపాటు చల్లని నీరు, ఆనకట్టలు లేని నదులు, చెడని సరస్సులు తోడైనందుననే ఈ ఫలము కలిగినదని మరువరాదు.

ఆనకట్టకు శాసనము లేదా?

దక్షిణమున కొలంబియా నది కథ వేరు. అందు పూర్వము ఏటేటా కోటికి మించి సాల్మన్, దాని జ్ఞాతియైన స్టీల్‌హెడ్ చేపలు తిరిగివచ్చెడివని అంచనా. 1938లో ముగిసిన బానవిల్ ఆనకట్టకు చేప ఎక్కుటకు నీటిమెట్లు కట్టిరి. తరువాత నిర్మించిన గ్రాండ్ కూలీ ఆనకట్ట మెట్లు కట్టుటకు వీలులేనంత ఎత్తు. దానికి ఎగువనున్న నదీభాగమంతయు సాల్మన్‌కు శాశ్వతముగా మూతపడినది. 1957 మార్చి 10న డాలెస్ ఆనకట్ట వెనుక నీరు నిలిచి, ఆదివాసులు తరతరములుగా చేప పట్టుచుండిన సెలైలో జలపాతము కొన్ని గంటలలో మునిగిపోయెను.

వెలుగు వచ్చినది, పొలములకు నీరు వచ్చినది, కాదనరాదు. కాని చేప తరిగినప్పుడు శాసనము మొదట ఎవరిపై పడినది? ఆనకట్టపై కాదు, వలపై. కంటి కెదుటనున్న జాలరిని ఆపుట సులభము, కాంక్రీటు గోడను కదల్చుట కష్టము. కొలంబియాకు ఉపనదియైన స్నేక్ నది ఎగువన, సముద్రమునకు సుమారు 1,450 కిలోమీటర్ల దూరమున, రెడ్‌ఫిష్ అను సరస్సు కలదు. అచ్చటికి పోవు చేప ఎనిమిది ఆనకట్టలను దాటవలెను. 1992లో ఆ సరస్సునకు చేరిన సాకై చేప ఒక్కటే, అదియు మగది. జనులు దానికి ‘ఒంటరి లారీ’ అని పేరుపెట్టిరి. అంతకు ముందేడే ఆ జాతిని అంతరించు ప్రమాదమున్నదానిగా ప్రభుత్వము ప్రకటించి యుండెను. శాసనము పుట్టినది గాని, చేప రాలేదు.

అయినను గోడ కదలదను మాట సత్యము కాదు. కాలిఫోర్నియా, ఓరెగాన్ రాష్ట్రములలో ప్రవహించు క్లామత్ నదిపై నాలుగు విద్యుత్తు ఆనకట్టలను, యూరక్, కారుక్ మొదలగు ఆదివాసి తెగలు అనేకసంవత్సరములు పోరాడిన పిమ్మట, 2024లో పూర్తిగా తొలగించిరి. ఆ పని ముగిసిన కొలది వారములకే, 1912 తరువాత మొట్టమొదటిసారిగా, ఆ నది వెంట ఓరెగాన్ భాగమునకు సాల్మన్ చేరినది. శతాబ్దమునకు పైగా మూసియుంచిన యిల్లు తెరచినంతనే పాతకాపు తిరిగి వచ్చినట్లయ్యెను.

సగము ఎవరిది?

రక్షణశాసనము న్యాయముగా నుండవలెనన్న, మిగిలిన చేపను ఎవరెవరు ఎంతెంత పట్టవలెనో చెప్పవలెను. 1854, 1855 సంవత్సరములలో వాషింగ్టన్ ప్రాంతపు తెగలు తమ భూములను విడిచి, చేపలు పట్టు హక్కును మాత్రము తక్కిన పౌరులతో ఉమ్మడిగా నిలుపుకొనుచు ఒడంబడికలు వ్రాసికొనిరి. తరువాత రాష్ట్రప్రభుత్వము సంరక్షణ పేరిట వారినే పట్టి బంధించెను. నిస్‌క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ అనునతడు 1945లో, తన 14వ యేట, చేపలు పట్టిన నేరమునకు మొదటిసారి పట్టుబడెను. పిదప పలుమారు చెరకు వెళ్లెను.

1974లో న్యాయాధిపతి జార్జి బోల్ట్ ఆ పాత ఒడంబడికలలోని ‘ఉమ్మడి’ అను మాటకు అర్థము చెప్పెను: విత్తనమునకు విడువగా మిగిలిన చేపలో సగమువరకు తెగలవారికి హక్కు. అంతియే కాదు, కాపాడు పనిలోను వారికి భాగము. 1979లో సర్వోన్నత న్యాయస్థానము ఈ తీర్పును ప్రధానాంశములందు సమర్థించెను. నాడు దొంగలనిపించుకొన్నవారు నేడు రాష్ట్రముతోపాటు కూర్చుండి చేపను లెక్కించు కాపరులైనారు.

పెంపుడు చేప, వేడినీరు

అట్లాంటిక్ తీరమున వేట యించుమించు ఆగిపోయినది. న్యూఫౌండ్లండులో 1992 లోను, ఐర్లండు సముద్రమున కొట్టుకొనిపోవు వలలకు 2007 లోను నిషేధములు వచ్చినవి. ఐనను చేప పెరుగలేదు. 2006 నుండి 2020 వరకు ప్రపంచమున అట్లాంటిక్ సాల్మన్ సంఖ్య 23 శాతము తగ్గినదని అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘము 2023లో తెల్పినది. 2024 వేసవిలో నార్వే ప్రభుత్వము 33 నదులలో వేట నాపివేసెను.

అంగళ్లలో దొరకు అట్లాంటిక్ సాల్మన్ నేడు దాదాపు అంతయు సముద్రపు వలగూళ్లలో పెంచినదే. ఆ గూళ్లలో చేపపేలు పెరిగి, అటుగా పోవు అడవిచేపపిల్లలను పట్టుకొనును. గూళ్లనుండి తప్పించుకొన్న పెంపుడు చేపలు అడవిచేపలతో సంకరమగును. నార్వే 2017 నుండి తన తీరమును 13 భాగములుగా పంచి, పేలబాధను బట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు నిర్ణయించి, ఎరుపు పడినచోట పెంపకమును తగ్గింపవలసినదిగా విధించినది. కెనడా ప్రభుత్వము బ్రిటిష్ కొలంబియా తీరమున తెరపివలల గూళ్లను 2029 జూన్ 30 నాటికి మాన్పింతునని 2024లో ప్రకటించినది. ఆ గూళ్లలో కూలిచేసి బ్రతుకు పల్లెలు ఏమగునను ప్రశ్న అచ్చటను ఉన్నది.

వీటన్నిటికి మించినది నీటి వేడిమి. యూకాన్ చేప తరుగుటకు వేడెక్కిన నదియు, మారిన సముద్రమును, రోగమును కారణములని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. బేరింగు సముద్రమున పొలాక్ చేపకై తిరుగు పెద్ద ఓడల వలలలో సాల్మన్ కూడ చిక్కుకొనును. 2011 నుండి దానికి పరిమితి కలదు. ఆ చిక్కినవానిలో ఎగువ యూకాన్ చేప స్వల్పమేనని జన్యుపరీక్షలు తెల్పుచున్నవి. అయినను, ఓడ వల వేయుచుండగా తన వల మాత్రమే చూరున వ్రేలాడుట తీరవాసికి న్యాయమని తోచదు. కట్టుబాటునకు విలువ వచ్చుట దాని కాఠిన్యముచేత కాదు, అది అందరిపై సమముగా పడుటచేత.

గోదావరి మాట

ఈ విషయము తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని గోదావరి జిల్లాలవారు చెప్పుకొందురు. సముద్రమున విలసగా నుండి, వరదనీరు తగిలినంతనే ఏటి కెదురీది పులసయగు ఆ చేపయు రెండు నీళ్ల జీవియే. దానికి ధవళేశ్వరము వద్ద ఆనకట్ట అడ్డుగా నున్నది. తూర్పుతీరమున ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు సముద్రమున యాంత్రికపు పడవల వేటకు నిషేధము కలదు. ఆ కాలమునకు జాలరులకు భృతియు నిచ్చుచున్నారు. కాని పులస నది ఎక్కునది ఆ నిషేధము ముగిసిన పిమ్మట, జూలై మొదలు సెప్టెంబరు వరకు. బంగ్లాదేశమున ఇదే చేపకు గుడ్లు పెట్టు అక్టోబరు మాసమున 22 దినములు వేట ఆపి, జాలరి కుటుంబములకు బియ్యము పంచుచున్నారు. చేపయొక్క పంచాంగమును చూచి శాసనమునకు ముహూర్తము పెట్టుట అనగా ఇదియే.

సాల్మన్ దేశముల అనుభవము చెప్పునది క్లుప్తము. ముందు లెక్కింపవలెను, విత్తనము విడువవలెను, దారి తెరువవలెను, భారమును బలవంతునిపైనను బలహీనునిపైనను సరిగా తూచి వేయవలెను. యూకాన్ తీరమున ఏడేండ్ల వ్రతమిప్పుడు నడుచుచున్నది. ఆ వ్రతము ఫలించిననాడు, ఎదిగిన ఆ బాలునికి చేపను చీల్చు విధము నేర్పుటకు ముసలమ్మ యింకను బ్రతికియుండవలెను. శాసనము కాపాడవలసినది చేప నొక్కదానినే కాదు, ఆమె చేతిలోని విద్యను గూడ.